ఇంజనుకు కొత్త రంగు

బెంగుళూరు,
12 జులై 1987

చిన్నాయనకు జలజ నమస్కారాలు.

క్షేమంగా చేరాను. పిన్నమ్మ పెట్టిన రాగిముద్ద, ఆకుకూర బస్సారు రుచి ఇంకా నోట్లోనే ఉందని ఆమెకు చెప్పండి. ముప్పై ఐదేళ్ళొచ్చి, కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ మళ్ళీ పీహెచ్‌డీ ఏమిటని మీరు నవ్వారు. నవ్వండి. కానీ ఆ సాయంత్రం మీరు తీసుకెళ్ళి చూపించిన ఇంజనే ఇప్పుడు నా పీహెచ్‌డీకి ప్రాణం.

ఆవిరి ఇంజను రైలు కోసం పుట్టిందని మా కాలేజీ పిల్లలందరూ అనుకుంటారు. అది పుట్టింది గనుల కోసం. ఇంగ్లండులో బొగ్గు గనుల్లో, తగరం గనుల్లో ఊరే నీళ్ళను తోడలేక తలలు పట్టుకున్నవాళ్ళు కనిపెట్టిన సాధనం అది. తర్వాత నీళ్ళతోపాటు మనుషుల్నీ, రాళ్ళనూ పైకి లాగింది. ఆ వంశంలోదే మన కోలారు బంగారు గనులకూ వచ్చింది. ఇక్కడ బొగ్గు లేదు. ఓడల్లో మద్రాసుకు తెచ్చి, అక్కడినుంచి రైల్లో తెచ్చేవాళ్ళు. చాలనప్పుడు చుట్టుపక్కల గుట్టల్లో చెట్లు కొట్టి పొయ్యిలో పెట్టేవాళ్ళు. 1902లో కావేరి మీది శివనసముద్రం జలపాతం నుంచి కరెంటు వచ్చాక ఆవిరి ఇంజన్లు ఒక్కొక్కటే మూలపడ్డాయి.

గనిలోకి దిగే మీ పాత షాఫ్టు దగ్గరి ఇంజను చిన్నది కాబట్టి, ఆవిరి బదులు ఒత్తిడి గాలితో నడిచేటట్లు దానికి గొట్టాలు తగిలించి ఇంకొన్నేళ్ళు వాడుకున్నారు. అందుకే మిగిలింది. ఇప్పుడు తుక్కు కింద అమ్మడానికి అక్టోబరు పదిహేనున టెండరు పెట్టారు. ఇక్కడి మ్యూజియం వాళ్ళతో మాట్లాడాను. కరెంటు రాకముందే అది కోలారులో ఆవిరితో నడిచిందని, ఎన్నేళ్ళు నడిచిందో ఆధారంతో చూపిస్తే తీసుకుంటామన్నారు. తయారుచేసినవాళ్ళ పేరు పలక ఎవరో ఊడబీక్కుపోయారు. రుజువు నేనే వెతకాలి, వెతుకుతాను. అంతవరకు ఇంజను అక్కడే ఉండేటట్లు మీరు చూడాలి.

మీ
జలజ


రాబర్ట్‌సన్‌పేట,
25 జులై 1987

చి. జలజకు చిన్నాయన ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ పిన్నమ్మకు చదివి వినిపించాను. "ముద్ద జ్ఞాపకముండాదంట. మనం జ్ఞాపకముండామా లేదా అడగండి" అన్నది. జవాబు ఆమెకే రాయి. ఇక్కడ వానలు లేవు. గాలి తిరిగితే, బంగారం తీసి పారబోసిన సైనైడు దిబ్బల దుమ్ము వంటింట్లోకి వస్తోంది.

నా ఉద్యోగమంతా గనుల స్టోర్సులో గుమాస్తాగా గడిచింది కాబట్టి ఈ తుక్కు వ్యవహారం నాకు కొట్టినపిండి. ఒక యంత్రాన్ని తుక్కుగా అమ్మాలంటే ఆఫీసరు స్వయంగా వచ్చి చూసి, ఇది పని చేయదు అని సంతకం పెట్టాలి. ఇప్పుడున్న ఆఫీసరు బదరీనాథ్ మంచివాడే గానీ కాగితం దాటి అడుగు వేయడు. ఆ ఇంజను కదిలి ఎన్నో ఏళ్ళైంది, కాబట్టి కళ్ళు మూసుకుని సంతకం పెడతాడు. ఈలోగా నువ్వు త్వరపడాలి.

బచ్చప్ప జ్ఞాపకం ఉన్నాడా? ఆ ఇంజనుకు ఆఖరి డ్రైవరు. రిటైరయ్యాక బూదికోటలో రాగి చేను, మామిడి తోట చూసుకుంటున్నాడు. సంగతి తెలిసి బస్సెక్కి వచ్చాడు. "ఎంతమందిని దించినాది, ఎంతమందిని ఎక్కించినాది. ఒక్కనికీ గోరంత దెబ్బ తగల్లేదు. దాన్ని తుక్కు కొనే గుజరీ వానికి ఇస్తారా?" అని మన గుమ్మంలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. అతన్ని చూసి నాకూ పౌరుషం వచ్చింది.

మ్యూజియం వాళ్ళకు, దేశంలోనే మొట్టమొదటి ఆవిరి ఇంజను ఇదే అని చెప్పు. నేను మార్కెట్లో అందరికీ అట్లాగే చెప్పాను. కోలారులో పేపరు నడిపే అతనికి కూడా కబురు చేశాను. ఫొటోతో వేస్తానన్నాడు.

ఇట్లు,
చిన్నాయన శ్రీధర


బెంగుళూరు,
6 ఆగస్టు 1987

చిన్నాయనకు నమస్కారాలు.

పిన్నమ్మకు వేరుగా కార్డు రాశాను. ఇక నేను చెప్పబోయే మాటకు కోపం తెచ్చుకోకండి.

అది దేశంలో మొదటిది కాదు. బెంగాలు వైపు అంతకు చాలా ముందే ఆవిరి ఇంజన్లు వచ్చాయి. కోలారులో కూడా అది మొదటిదో పదోదో నాకే తెలియదు. మీ మాట పేపర్లో పడి, మ్యూజియం వాళ్ళు చదివారనుకోండి. ఒక అబద్ధం దొరికితే మిగతా నిజాలన్నింటినీ దానితోపాటే చెత్తబుట్టలో వేస్తారు. దయచేసి పేపరు అతనికి వద్దని చెప్పండి. మార్కెట్లో కూడా ఇంక ఆ ఊసు ఎత్తకండి.

నాకొక మంచి ఆధారం దొరికేటట్లు ఉంది. అదేమిటో ఇప్పుడు రాయను. గట్టిపడేవరకు ఎవరికీ చెప్పొద్దని మా పీహెచ్‌డీ గైడు కూడా అన్నారు. నేను వచ్చేవరకు ఇంజన్ను మాత్రం ఎవరినీ ముట్టనీయకండి.

జలజ


రాబర్ట్‌సన్‌పేట,
20 ఆగస్టు 1987

చి. జలజకు ఆశీస్సులు.

పేపరు అతనికి వద్దన్నాను. మార్కెట్లో మొహం చాటేసి తిరుగుతున్నాను. బియ్యం అంగడి శ్రీరామప్ప మాత్రం వదలడు. "ఏమి స్వామీ, మీ ఇంజను ఇప్పుడు ఎన్నోదయింది?" అని రోజూ అడుగుతాడు.

ఆధారమేమిటో నాకు చెప్పలేనన్నావు. చెప్పకు. నిన్ను భుజాన ఎక్కించుకుని షాఫ్టు గంట వినిపించినవాణ్ణి ఇప్పుడు వదరుబోతునయ్యాను. అది నా చేతులారా చేసుకున్నదే, నీ తప్పేమీ లేదు.

ఎవరినీ ముట్టనీయను. ఇత్తడి కోసం దొంగలు ఇంజను షెడ్డు కిటికీ ఊచలు వంచుతున్నారని వాచ్‌మన్ చెబితే, అతని అనుమతితో తలుపుకు మన ఇంటి తాళం కూడా వేశాను. సాయంకాలం పూట పోయి గడప మీద కూర్చుంటున్నాను. పిన్నమ్మ ఫ్లాస్కులో కాఫీ పోసి ఇస్తోంది, సణుగుతూనే.

ఇట్లు,
సి. శ్రీధర


బెంగుళూరు,
28 సెప్టెంబరు 1987

చిన్నాయనకు నమస్కారాలు.

ఉత్తరం చివర ఇంటిపేరు అక్షరంతో సంతకం పెట్టారంటే మీ మనసెంత నొచ్చుకుందో తెలిసింది. ఆ రోజు తిండి సయించలేదు. మీకు చెప్పకుండా దాచింది చాలు, ఇప్పుడు అంతా చెబుతాను.

ఆధారం ఇంజను మీదున్న రంగు. జులైలో వచ్చినప్పుడు సిలిండరు మూత దగ్గర ఒక పెచ్చు ఊడి నా చేతిలోకి వచ్చింది. కాలేజీలో మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. పొర మీద పొర. ఏటా ఆయుధపూజకు ఒక పూత వేసేవారని మీరే కదా చెప్పారు. పై పొరలు మామూలుగా ఉన్నాయి. అడుగు పొరలు మాడి గోధుమరంగుకు తిరిగాయి. ఆవిరి వేడి తగిలిన కాలంలో వేసిన పొరలు మాడాయి, చల్లని గాలితో నడిచిన కాలంలోవి మాడలేదు. మాడిన పొరలు లెక్కపెడితే అది ఎన్ని పండగలు ఆవిరితో గడిపిందో తెలుస్తుంది. మీరంతా ఏటా భక్తితో వేసిన రంగే దాని జాతకం.

నా దగ్గరున్న పెచ్చు సగం విరిగినది, చాలదు. మ్యూజియం మనిషి కళ్ళ ముందే ఇంజను మీదినుంచి శుభ్రంగా ఒక ముక్క కోసి తీయాలి. లేకపోతే నేనే ఎక్కడినుంచో తెచ్చానంటారు. అతన్ని పన్నెండో తేదీన తీసుకొస్తున్నాను. అందాకా మూత మీద ఒక్క గీత కూడా పడకూడదు.

ఈ సంగతి మీకు జులైలోనే చెప్పాల్సింది. మీరు మార్కెట్లో చెప్పేస్తారని భయపడ్డాను. క్షమించండి.

మీ
జలజ


రాబర్ట్‌సన్‌పేట,
2 అక్టోబరు 1987

చి. జలజకు, చిన్నాయన పిన్నమ్మల దసరా ఆశీస్సులు.

ఆగస్టులో కోపంగా రాశాను. అదంతా మరిచిపో. నిన్న ఆయుధపూజ. నీకోసం మేము చేసిన పని వింటే నువ్వు ఎగిరి గంతేస్తావు.

నువ్వు ఎవరినీ ముట్టనీయొద్దన్నావు. బచ్చప్ప, నేను తప్ప ఒక్క పురుగును లోపలికి రానీయలేదు. మ్యూజియం నుంచి పెద్దమనుషులు వచ్చేసరికి ఇంజను తుప్పు పట్టి, పొలుసులు లేచి కనిపిస్తే ఎవరికి నగుబాటు? పెళ్ళిచూపులకు పిల్లను మాసిన చీరతో కూర్చోబెట్టం కదా. అందుకని నెల ముందునుంచే పనిలో దిగాము. బచ్చప్ప ప్రతి వారం బూదికోట నుంచి వచ్చి, కీళ్ళన్నింటికీ కిరసనాయిలు పోసి నానబెట్టాడు. తర్వాత ఆముదం, ఆ తర్వాత గ్రీజు.

పోయిన వారమంతా గీకుడు. ఎన్నేళ్ళ రంగో అది, అట్టలు కట్టింది. మేము డ్యూటీలో ఉన్నప్పుడు పూజకు తొందరపడి పాతదాని మీదే కొత్తది పూసేవాళ్ళం. "అది సోమరిపోతు పనప్పా. ఈసారైనా మొదలంటా తీసి వేద్దాము" అన్నాడు బచ్చప్ప. చాకు, బ్రష్షు, గరుకు ఉప్పుకాగితం పట్టి, ఇనుము తెల్లగా తేలేవరకు రుద్దాము. నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఇప్పుడు ఒళ్ళంతా పచ్చ, అంచులు ఎరుపు. సిలిండరు మూతకు వెండి రంగు వేశాము.

నిన్న పసుపు, కుంకుమ, పూలమాల, గుమ్మడికాయ అన్నీ జరిగాయి. హారతి అయ్యాక నేను తాళం తీసుకుంటుంటే బచ్చప్ప అడ్డం నిలబడ్డాడు. "పూజ చేసి తిప్పకుండా పోతే ఎట్లప్పా? పీనుగకు బొట్టు పెట్టినట్లయితాది" అన్నాడు. నిజమే, ఆయుధపూజ నాడు ఏ యంత్రాన్నయినా ఒక్క చుట్టు తిప్పాలి. గడ్డపార పెట్టి పెద్ద చక్రాన్ని ఎత్తాము. మొదట కదల్లేదు. వాచ్‌మన్ కూడా భుజం వేశాడు. మూలిగింది, కిర్రుమంది, తర్వాత కదిలింది. పూర్తిగా ఒక చుట్టు తిరిగింది. మీ పిన్నమ్మ గడప దగ్గర నిలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి?

ఇంక నువ్వు మ్యూజియం వాళ్ళను ధైర్యంగా తీసుకురా. ఈ రోజు గాంధీ జయంతి, రేపు పోస్టు డబ్బా తీస్తారు, అప్పుడు ఈ ఉత్తరం బయలుదేరుతుంది.

ఇట్లు,
నీ చిన్నాయన


బెంగుళూరు,
6 అక్టోబరు 1987

చిన్నాయనకు,

మన ఉత్తరాలు రెండూ దారిలో ఒకదానికొకటి ఎదురుపడి ఉంటాయి. నాది ఈపాటికి అందే ఉంటుంది. నేను వేరే చెప్పక్కర్లేదు.

మ్యూజియం మనిషిని రావద్దన్నాను. చూపించడానికి అక్కడేమీ లేదు.

గీకిన పొడి ఏం చేశారు? ఏదైనా బోల్టు కింద, మూల సందులో, చేయి దూరని చోట పాత రంగు మిగిలిందేమో చూడండి. వెంటనే రాయండి. నేను ఊరుకోను, ఇంకేదైనా దారి వెతుకుతాను. కానీ ఇప్పుడు వస్తే మీతో అనకూడని మాటలు అంటాను. అందుకే రావడం లేదు.

జలజ


రాబర్ట్‌సన్‌పేట,
11 అక్టోబరు 1987

చి. జలజకు,

వినాయకుణ్ణి చేయబోయి కోతిని చేశాను. రంగు గురించి నువ్వు రాసిన ఉత్తరం మూడో తేదీన అందింది. చదివి, మళ్ళీ చదివి, పిన్నమ్మ చేతికిచ్చి పెరట్లోకి పోయి కూర్చున్నాను.

బోల్టుల కింద వెతికాము. బచ్చప్ప పనితనం నీకు తెలియదు, ఒక్క సందు కూడా వదల్లేదు. గీకిన పొడిని షెడ్డు వెనక గుంతలో పోశాము. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లు, ఆ గుంత తవ్వి మట్టీ పొడీ అన్నీ ఇంటికి తెచ్చి, పిన్నమ్మ రాగిపిండి జల్లెడతో జల్లించింది. దొరికిన పెచ్చులు ఇక్కడ పొట్లం కట్టి పంపుతున్నాను. అన్నీ గోరంత ముక్కలు. జాతకం చదవడానికి చాలవని నాకే తెలుస్తోంది. అయినా పంపకుండా ఉండలేకపోయాను.

ఇంకొక సంగతి జరిగింది. నిన్న బదరీనాథ్ సంతకం పెట్టడానికి కాగితంతో వచ్చాడు. కొత్త రంగు చూసి నిలబడిపోయాడు. నేను సిగ్గుతో తలొంచుకున్నాను. బచ్చప్ప మాత్రం గడ్డపార తీసుకుని, "ఒక చుట్టు తిప్పి చూపిస్తాము సార్" అన్నాడు. తిప్పాము. ఈసారి సులువుగానే తిరిగింది. బదరీనాథ్ కలం మూత తీసి, మళ్ళీ పెట్టేసుకున్నాడు. "తిరిగేదాన్ని తిరగదని ఎట్ల రాసేది శ్రీధరప్పా? రేపు ఆడిట్ వాళ్ళొచ్చి తిప్పితే నా గతేమి?" అన్నాడు. సంతకం పెట్టకుండానే వెళ్ళిపోయాడు. ఈ రోజు స్టోర్సులో కనుక్కున్నాను. టెండరులోంచి మన ఇంజన్ను తీసేశారు. పనిచేసే యంత్రాల పట్టీలో చేర్చి, షెడ్డులోనే ఉంచమని రాశాడట. ఏటా తిప్పి చూపించే పూచీ మా ఇద్దరిమీద పెట్టాడు.

ఇదంతా నేను తెలివిగా చేశానని ఎవరైనా అంటే నమ్మకు. పూజకు తిప్పాలి కాబట్టి తిప్పాము, అంతే. నీ చదువు పాడైనందుకు ఇది బదులు కాదని నాకు తెలుసు.

చిన్నాయన


బెంగుళూరు,
14 మార్చి 1988

చిన్నాయనకు, పిన్నమ్మకు నమస్కారాలు.

ఐదు నెలలు ఉత్తరం రాయలేదు. మొదట కోపంతో, తర్వాత పని ఒత్తిడితో. పిన్నమ్మ జల్లించిన పెచ్చులన్నింటినీ చూశాను. మాడిన రంగు వాటిలో ఉంది. కాబట్టి ఇంజను ఆవిరితో నడిచిందని గట్టిగా చెప్పగలను. పొరలు ముక్కలైపోయాయి కాబట్టి ఎన్నేళ్ళో చెప్పలేను. అది చెప్పలేకపోతే మ్యూజియానికి అక్కర్లేదు. పోనీ. ఇంజను మన షెడ్డులో ఉంది, అది చాలు.

పీహెచ్‌డీలో ఈ ఇంజను గురించి రాసిన అధ్యాయం మొత్తం తీసేయమన్నారు మా గైడు. తీయనన్నాను. తెలిసింది తెలిసినట్లు, పోయింది పోయినట్లు రాస్తానన్నాను. చాలాసేపు వాదించి ఒప్పించాను. పేజీ అడుగున ఇట్లా ఒక వివరణ పెట్టాను:

"ఈ ఇంజను వయసు తెలుసుకునే ఆధారం దాని మీది రంగులో ఉండేది. 1987 ఆయుధపూజకు ఒక స్థానికుడు భక్తితో ఆ రంగును పూర్తిగా తొలగించాడు. ఆ ఆధారం విలువ నాకు తెలిసినా ఆయనకు సకాలంలో చెప్పలేదు. ఇంజను తుక్కులోకి పోకుండా నిలిచింది కూడా ఆ పూజ వల్లే."

మీ పేరు ఎక్కడా రానీయలేదు, నిశ్చింతగా ఉండండి. వేసవి సెలవులకు వస్తాను.

మీ
జలజ


రాబర్ట్‌సన్‌పేట,
22 మార్చి 1988

చి. జలజకు చిన్నాయన, పిన్నమ్మ ఆశీస్సులు.

ఐదు నెలల తర్వాత పోస్ట్‌మన్ నీ కవరు చేతిలో పెడితే, తీసుకెళ్ళి పిన్నమ్మకు ఇచ్చాను. ఆమే చింపింది. సెలవులకు వస్తానన్న ముక్క ముందు చదివింది. నేను మిగతాదంతా చదివాను.

నువ్వు రాసిందంతా నిజమే, ఒక్క మాట తప్ప. "ఒక స్థానికుడు" అంటే ఎవరమ్మా? దొంగతనంగా ఇత్తడి పీక్కుపోయినవాడూ స్థానికుడే. నన్ను కాపాడాలని పేరు దాచావు. వద్దు. దేశంలో మొదటి ఇంజను అని నేనంటే, అబద్ధం ఒకటి దొరికితే నిజాలన్నీ పోతాయని నాకు బుద్ధి చెప్పింది నువ్వే కదా. ఇప్పుడు నాకోసం సగం దాచి రాయడం నీకు తగదు. సి. శ్రీధర, రిటైర్డ్ స్టోర్స్ గుమాస్తా, రాబర్ట్‌సన్‌పేట అని పూర్తిగా రాయి.

బచ్చప్పకు నీ వివరణ చదివి వినిపించాను. "గీకింది నేను. ఈయన ఉప్పుకాగితం పట్టుకొని పక్కన రుద్దినాడు, అంతే. నా పేరు ముందర వేయమను" అన్నాడు. ఒక గంట వాదించుకున్నాము. చివరికి అతని పేరే ముందు వేయడానికి ఒప్పుకున్నాను. బి. బచ్చప్ప, ఇంజను డ్రైవరు, బూదికోట. రిటైర్డ్ అని రాయొద్దన్నాడు. ఏటా తిప్పే పని ఉన్నప్పుడు రిటైరైనట్లు ఎట్లా అవుతుందట.

అచ్చయ్యాక ఆ ఒక్క పేజీ వేరుగా టైపు చేయించి పంపు. అద్దం కట్టించి ఇంజను పక్కన గోడకు తగిలిస్తాము. చూడడానికి వచ్చినవాళ్ళంతా రంగు ఎంత బాగుందని మెచ్చుకుని పోతున్నారు. ఆ రంగు కింద ఏం పోయిందో, ఎవరు పోగొట్టారో వాళ్ళకు తెలియాలి.

ఇట్లు,
నీ చిన్నాయన